వెజ్లే వెలుగుబాటకు యాభై వసంతాలు

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో, కొండ మీద ఉన్న చిన్న పల్లె వెజ్లే. జనాభా సుమారు 400. ఎగువకు సాగే పెద్దవీధి చివర, శిఖరాన, మగ్దలేనే మరియ పేరిట కట్టిన బసిలికా కనిపిస్తుంది. ఫ్రాన్సిస్కన్ గురువు యూగ్ దెలోత్ర్ 1976లో అక్కడి వెలుగుబాటను గుర్తించి లోకానికి చూపారు. దానికి ఈ 2026లో 50 ఏళ్లు నిండుతున్నాయి. ఈ శుభవేళ వెజ్లే వాసులకు మనసారా అభినందనలు!

జూన్ 21 ప్రాంతంలో, పగలు బాగా పొడవుగా ఉండే రోజుల్లో, సూర్యుడు బాగా పైకెక్కిన వేళ ఆ వెలుగుబాటను చూడాలి. గడియారంలో రెండు కావడానికి ఇంకా కొద్ది నిమిషాలుంటాయి. దక్షిణం వైపు పై కిటికీల్లోంచి దిగిన ఎండ, నడిమి గీత వెంబడి రాతినేల మీద వరుసగా వెలుగు మడుగులు కడుతుంది. అవి తిన్నగా బలిపీఠం దిక్కుకు సాగుతాయి.

1120లో అగ్నికి ఆహుతైన గుడిని మళ్లీ నిలబెట్టిన శిల్పుల పనితనమిది. అక్కడొక స్తంభశీర్షం మీద ఒకాయన మరలో గింజలు పోస్తుంటే, మరొకాయన కింద సంచి పట్టి పిండి అందుకుంటాడు. పోసేది మోషే, పట్టేది పౌలు అంటారు పండితులు. ఒక తరం ఇచ్చినదాన్ని మరో తరం అందుకోవడమే వెజ్లే చరిత్ర కూడా. 1834లో చారిత్రక కట్టడాల తనిఖీ అధికారి, రచయిత ప్రొస్పెర్ మెరిమే ఈ గుడి దుస్థితిని చూసి కలత చెందారు. 1840లో 26 ఏళ్ల వాస్తుశిల్పి వియోలే-లె-దుక్ మరమ్మతులకు పూనుకుని, 1859 దాకా శ్రమించారు. 1979లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

1146లో క్లెర్వో మఠాధిపతి బెర్నార్డ్ రెండో క్రూసేడుకు (మతయుద్ధానికి) పిలుపునిచ్చింది ఈ కొండ మీదే. గాంధీజీ, రామకృష్ణ, వివేకానందుల జీవితచరిత్రలు రాసిన ఫ్రెంచ్ రచయిత రొమా రోలా 1938లో స్థిరపడి, 1944లో కన్నుమూసిందీ ఇక్కడే. యుద్ధపు పిలుపు మోగిన ఊరే శాంతికాముకుడికి నీడనిచ్చింది. భారతీయులకు ఈ పల్లె ఆత్మీయం కావడానికి ఇంతకంటే ఏం కావాలి?

పిడికెడు జనంతో ఇంత సంపదను కాపాడుకుంటున్న వెజ్లేకు జేజేలు. కట్టిన చేతులకు, నిలబెట్టిన చేతులకు, ఆ వెలుగును కనిపెట్టిన కళ్లకు వందనాలు. మీ పిల్లలు కూడా ఈ వారసత్వాన్ని ఇంతే ప్రేమతో అందుకుని, వందేళ్ల పండుగను మరింత ఘనంగా జరుపుకోవాలని మా ఆకాంక్ష!