మూడోసారికి మెట్రిక్ గట్టెక్కిన సుబ్బారావు

గర్భిణులకు మేమిచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర మీరూ వేసుకునే ఉంటారు. ఈ రెండింటి వెనకా ఉన్న మనిషి మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడంటే నమ్ముతారా? ఆయన మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

చిన్నప్పుడు చదువు మీద ధ్యాస లేదు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మితే బోలెడు డబ్బొస్తుందని ఇల్లు వదిలి బయల్దేరాడు. తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. భర్త పోయాక నగలమ్మి మరీ చదివించింది. రాజమండ్రిలో సాగని చదువు మద్రాసు హిందూ హైస్కూల్లో మూడో ప్రయత్నానికి గట్టెక్కింది. అప్పటిదాకా ఆయన్ని నడిపింది సొంత పట్టుదల కాదు, అమ్మ పట్టుదలేనని నాకనిపిస్తుంది. పరీక్ష తప్పిన పిల్లల్ని ఓపీకి తీసుకొచ్చే తల్లిదండ్రులకు ఈ సంగతే చెబుతుంటాను. తిట్టి పంపితే వచ్చేది కాదది. పిల్లలు తిండీ నిద్రా మానేసినా, చావు మాటలు మాట్లాడినా మాత్రం నచ్చజెబుతూ కూర్చోకండి. వెంటనే డాక్టరుకి చూపించండి, లేదా 14416 టెలి మానస్‌కి ఫోన్ చేయండి.

సుబ్బారావుకు సొంత కసి తర్వాత పుట్టింది. అదీ దుఃఖంలోంచి. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో ట్రాపికల్ స్ప్రూతో పోయారు. ఈ జబ్బులో పేగు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వదు. విరేచనాలు ఆగవు, మనిషి చిక్కిపోతాడు, రక్తం తగ్గిపోతుంది. అప్పట్లో దీనికి సరైన మందే లేదు. అన్ని పరీక్షల్లోనూ లేని ప్రశ్న ఒకటి ఆయన ముందు నిలబడింది.

మద్రాసు మెడికల్ కాలేజీలోనూ సాఫీగా సాగలేదు. ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టారు. కొన్నాళ్లు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, మామగారి సాయంతో 1922లో బోస్టన్ చేరాడు. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ చదువుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా బెడ్‌పాన్లు శుభ్రం చేశాడు. డాక్టరు పట్టా ఉన్న మనిషి!

తర్వాతి కథ వైద్య విద్యార్థులు పుస్తకాల్లో చదువుకునేదే. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీదా ఆ ఇద్దరే పనిచేశారు. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లాడు. అక్కడి బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగులకు ఇస్తే వాళ్ల రక్తహీనత తగ్గుముఖం పట్టింది. సోదరుల్ని తీసుకెళ్లిన జబ్బే అది.

ఆ ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే మందులూ అక్కడే తయారయ్యాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లల్లో జబ్బును కొంతకాలమైనా వెనక్కి తగ్గించగలిగాడు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. మీ ఇంట్లో ఎవరికైనా కీళ్లవాతానికో, సోరియాసిస్‌కో ఈ మాత్ర రాస్తే ఒక్కమాట గుర్తుంచుకోండి. అది వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

1948 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో, 53 ఏళ్లకే, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశాడు. ఓడెక్కిన నాటి నుంచి ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. భార్య శేషగిరి ఆయన్ని మళ్లీ చూడనే లేదు.