శ్రీ యల్లాప్రగడ సుబ్బారావుగారు

భీమవరమున 1895లో జన్మించి, సోదరుల నిరువురను సంగ్రహణి వ్యాధికి గోల్పోయిన శ్రీ సుబ్బారావుగారిని మేము భక్తితో స్మరించుచున్నాము. వారు 1923లో అమెరికా కేగి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించి, 1940లో లెడర్లీ ఔషధసంస్థయందు చేరిరి. సంగ్రహణి నుపశమింపజేయు ఫోలిక్ ఆమ్లమును వారి బృందము 1945లో కృత్రిమముగ నిర్మించెను. ఆ యామ్లమునకు విరోధియగు అమినాప్టెరిన్ అను మందును లెడర్లీవారు తయారుచేయగా, హార్వర్డు వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరు సోకిన 16 మంది బాలల కొసగి చూచెను. పదిమందికి తాత్కాలికముగ గుణ మిచ్చినట్లు 1948 జూనులో ప్రకటితమయ్యెను. ఆ యాగష్టులోనే సుబ్బారావుగారు గతించిరి. విద్యాలయమును కర్మాగారమును చేయి కలుపనిచో ఆ బాలలకు మందు దొరకకుండెడిది. నర్సీపట్నమున గూడిన దాతలు విద్యార్థులకు భోజనవసతులతో పాటు ప్రయోగశాలలను, కర్మాగారములలో శిక్షణమును గూడ సమకూర్పవలెనని మేము ప్రార్థించుచున్నాము.