ఓటు, పన్ను, పల్లె బడి: కట్టమంచి రామలింగారెడ్డి జీవితం చెప్పే సంగతి

పూతలపట్టు: స్థానిక ఎన్నికలు వచ్చినప్పుడల్లా పల్లెల్లో వినిపించే కోర్కెలు అందరికీ తెలిసినవే. సిమెంటు రోడ్డు, వీధి దీపం, తాగునీటి బోరు, శ్మశానానికి దారి. బడి మాట వస్తే వస్తుంది, లేకపోతే లేదు. గది పైకప్పు కారుతోందనో, ఇద్దరు అయ్యవార్లతో ఐదు తరగతులు నడుస్తున్నాయనో ఎవరైనా తల్లి అడిగితే, అది పైవాళ్ల పని అని జవాబు వస్తుంది. బడికి డబ్బు ఎవరు పెట్టాలి, ఆ లెక్క ఎవరిని అడగాలి అన్న ప్రశ్న ఈనాటిది కాదు. నూరేళ్ల కిందట మన జిల్లా బిడ్డ ఒకరు ఈ ప్రశ్నతోనే బతుకంతా గడిపారు. ఆయనే కట్టమంచి రామలింగారెడ్డి. సి.ఆర్.రెడ్డి అంటే దేశమంతటా తెలిసిన పేరు.

పూతలపట్టు కూడలిలో బస్సెక్కితే గంటలోపే చిత్తూరు. ఆ చిత్తూరులో కలిసిపోయిన కట్టమంచి గ్రామమే ఆయన పుట్టిన ఊరు. పుట్టిన తేదీ 1880 డిసెంబరు 10. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. ఈ ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో గాని చిత్తూరు వేరు జిల్లా కాలేదు. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి న్యాయవాది. ఇంట్లో చదువు ఉంది, ఆదరవు ఉంది. అది లేని పిల్లల సంగతి ఏమిటన్నది ఆయన తర్వాతి జీవితమంతా ఎదుర్కొన్న సమస్య.

చెరువు కథతో మొదలు

చిత్తూరు చదువు ముగించి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. అక్కడ విద్యార్థిగా ఉండగానే 'ముసలమ్మ మరణం' కావ్యం రాశారు. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే, ఊరిని కాపాడటానికి ఒక రైతు ఇంటి కోడలు తన్నుతాను బలి ఇచ్చుకున్న కథ అది. రాజులు, రాణులు లేని కావ్యం. తెలుగులో కొత్త కవిత్వానికి దారి తీసిన వాటిలో దాన్ని ఒకటిగా పెద్దలు లెక్కిస్తారు. చెరువు ఊరందరిదీ, దాని కట్ట తెగితే నష్టం ఊరందరికీ అన్న మాట రాయలసీమ వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. బడి విషయంలో మాత్రం ఆ మాట మనకు అంత త్వరగా తట్టదు.

ఇంగ్లండులో చూసిన రగడ

1902లో ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కాలేజీలో చరిత్ర చదివారు. అక్కడి విద్యార్థుల చర్చాసంఘమైన కేంబ్రిడ్జి యూనియన్‌కు వైస్ ప్రెసిడెంటుగా ఎన్నికయ్యారు. ఆ పదవికి ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయనే.

ఆయన వెళ్లిన ఏడాదే ఇంగ్లండులో కొత్త విద్యా చట్టం వచ్చింది. అంతకుముందు 1870 చట్టం ప్రకారం ఊరూరా ఓటర్లు స్కూలు బోర్డులను ఎన్నుకొనేవారు. ఆ బోర్డులు స్థానిక పన్ను వేసి బడులు నడిపేవి. 1902 చట్టం ఆ బోర్డులను తీసివేసి బడులను కౌంటీ కౌన్సిళ్లకు అప్పగించింది. చర్చిల బడులకు కూడా స్థానిక పన్ను నుంచి డబ్బు ఇవ్వాలన్నది. దానిపై పెద్ద గొడవ లేచింది. మా పన్నుతో వేరొకరి మతం బోధించే బడి ఎందుకు నడపాలని ఎందరో పన్ను కట్టడం మానేశారు. కొందరు జైలుకు కూడా వెళ్లారు. 1906 ఎన్నికల దాకా ఆ రగడ సాగింది. బడి పన్ను మీద ప్రభుత్వాలు కదిలే దేశంలో మన కట్టమంచి యువకుడు చదువుకున్నారు. మన దేశంలో అప్పటికి బడి కోసం ఓటు వేసే హక్కే లేదు.

బరోడా, మైసూరు

తిరిగి వచ్చాక బరోడా సంస్థానంలో ఉద్యోగం. అరవిందులు విడిచి వెళ్లిన కాలేజీలో వైస్ ప్రిన్సిపాల్ పదవి. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ 1893లో ఒక తాలూకాలో నిర్బంధ ప్రాథమిక విద్య మొదలుపెట్టి, 1906 నాటికి సంస్థానమంతటా అమలుచేశారు. పిల్లవాడు బడికి రావడం తప్పనిసరి. ఫీజు లేదు. ఖర్చు సంస్థానానిది.

బ్రిటిషు ఇండియాలో ఈ పని జరగలేదు. గోపాలకృష్ణ గోఖలే 1911లో ఇదే ఉద్దేశంతో బిల్లు తెచ్చారు. స్థానిక సంస్థలు కోరితే సెస్సు వేసుకొని తమ ఊళ్లలో చదువును నిర్బంధం చేసుకోవచ్చన్నది అందులోని ముఖ్యాంశం. 1912 మార్చిలో 13 ఓట్లకు 38 ఓట్లతో ఆ బిల్లు ఓడిపోయింది.

1909లో రెడ్డిగారు మైసూరు మహారాజా కాలేజీలో చరిత్ర ఆచార్యులుగా చేరారు. తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దివాన్ విశ్వేశ్వరయ్యకు తోడుగా నిలిచినవారిలో ఆయన ఒకరు. 1918లో సంస్థానం విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. అంటే మైసూరు రాజ్యంలోని బడులన్నీ ఆయన చేతికి వచ్చాయి.

ఆ పదవిలో ఆయన చేసిన పనుల్లో గుర్తుంచుకోవలసినది ఒకటి ఉంది. ప్రభుత్వ ధనంతో నడిచే బడి తలుపు పంచముల పిల్లలకు కూడా తెరవాలని పట్టుబట్టారు. పై కులాల వారు కొందరు తమ పిల్లలను బడి మాన్పిస్తామన్నారు. అయినా వెనక్కు తగ్గలేదు. అందరి పన్నుతో కట్టిన గదిలో కొందరికి చోటు లేదనడం చెల్లదన్నది ఆయన వాదం. పూతలపట్టు శాసనసభ నియోజకవర్గం 2009 ఎన్నికల నుంచి షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది. ఇక్కడి దళితవాడల పిల్లలు జిల్లా పరిషత్ బడి బెంచీ మీద కూర్చోవడం వెనుక ఇటువంటి పోరాటాలు ఎన్నో ఉన్నాయి.

సొంత జిల్లాకు, ఓట్ల బరికి

1921లో మైసూరు ఉద్యోగం వదలి చిత్తూరు వచ్చారు. మంచి జీతం, గౌరవం వదులుకొని రాజకీయాల్లోకి దిగడం చూసి ఆశ్చర్యపోయినవారు ఉన్నారు. జస్టిస్ పార్టీలో చేరి మద్రాసు శాసనమండలి సభ్యులయ్యారు.

అప్పటి పరిస్థితి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1919 సంస్కరణల వల్ల విద్య, స్థానిక పాలన శాఖలు భారతీయ మంత్రుల చేతికి వచ్చాయి. ఖజానా మాత్రం గవర్నరు కార్యనిర్వాహక మండలి దగ్గరే ఉండిపోయింది. బడి మంత్రిది, తాళంచెవి గవర్నరుది. పైగా మద్రాసు రాష్ట్రం ఏటా 348 లక్షల రూపాయలు కేంద్రానికి కట్టాలని నిర్ణయించారు. దేశంలోని రాష్ట్రాలన్నిటిలో అదే పెద్ద మొత్తం. కొత్త బడులకు డబ్బు అడిగితే లేదనడానికి ఇదొక కారణమైంది.

1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. జిల్లాకొక విద్యామండలి ఏర్పడింది. తాలూకా బోర్డులు, పురపాలక సంఘాలు కావాలనుకుంటే విద్యా సెస్సు వేసుకోవచ్చు. అలా వేసిన చోట ప్రభుత్వం తన వంతు డబ్బు కలపాలి. ప్రభుత్వ అనుమతితో చదువును నిర్బంధం కూడా చేయవచ్చు. గోఖలే అడిగిన దానిలో చాలా భాగం కాగితం మీదకు వచ్చింది.

కాని ఆ సెస్సు వేయవలసినది ఎన్నికైన బోర్డు సభ్యుడు. అతనికి ఓటు వేసేది ఎవరు? పన్ను కట్టే ఆస్తిపరుడు. 1920 శాసనమండలి ఎన్నికలకు రాష్ట్రంలో నాలుగు కోట్లు దాటిన జనాభాలో ఓటర్లు పన్నెండున్నర లక్షల లోపే. నూటికి ముగ్గురన్నమాట. ఓటున్నవాడి కొడుకు ఫీజు కట్టి పట్నంలో చదువుకోగలడు. బడి అవసరమైన కూలివాడికి, మాల మాదిగలకు, గొర్రెల కాపరికి ఓటు లేదు. పన్ను పెంచుతానని ఓట్లడిగే ధైర్యం ఏ అభ్యర్థికి ఉంటుంది? చట్టం ఉన్నా చాలా తాలూకాల్లో సెస్సు పెద్దగా సాగకపోవడానికి, నిర్బంధ విద్య పల్లెలకు చేరకపోవడానికి ఇదే మూలం.

ఇద్దరు జిల్లా వాసుల పోటీ

అప్పటి ముఖ్యమంత్రి పానగల్లు రాజా రామరాయణింగారు. ఆయన కూడా మన కాళహస్తిలో పుట్టినవారే. స్థానిక స్వపరిపాలన శాఖ ఆయన చేతిలో ఉండేది. బోర్డుల్లో నామినేషన్లు, పదవులు పంచే శక్తి అంతా ఆ శాఖదే. పార్టీలో ఆయన పద్ధతి నచ్చని రెడ్డిగారు బయటికి వచ్చి యునైటెడ్ నేషనలిస్టు పార్టీ పేరుతో ప్రతిపక్షానికి నాయకులయ్యారు.

1923 ఎన్నికల తర్వాత పానగల్లు రాజా మళ్లీ మంత్రివర్గం ఏర్పరిచారు. అదే నవంబరు 27న రెడ్డిగారు అవిశ్వాస తీర్మానం పెట్టారు. భారతదేశపు శాసనసభల చరిత్రలో అటువంటి తీర్మానం అదే మొదటిదని చెబుతారు. తీర్మానానికి 44 ఓట్లు, వ్యతిరేకంగా 65 ఓట్లు వచ్చాయి. తీర్మానం ఓడింది. కాళహస్తి వారిదీ కట్టమంచి వారిదీ రాష్ట్రమంతా చూసిన పోటీ అది.

రెడ్డిగారు ఒక పార్టీలో నిలకడగా ఉండలేదన్న విమర్శ ఉంది. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. వాదనలో మొనగాడే గాని, పల్లె పల్లె తిరిగి మనుషులను కూడగట్టే నాయకుడు కాదు. ఓట్ల రాజకీయం ఆయనకు పూర్తిగా ఒంటబట్టలేదు. ఏ పార్టీలో ఉన్నా చదువు మాట మాత్రం విడవలేదు.

విశ్వవిద్యాలయం

విశేషమేమంటే, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం చట్టం తెచ్చింది ఆ పానగల్లు రాజా ప్రభుత్వమే. దానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయింది ఆయన ప్రత్యర్థి రామలింగారెడ్డి. విశ్వవిద్యాలయం మొదట బెజవాడలో నడిచి, తర్వాత వాల్తేరుకు చేరింది.

1930లో ఉప్పు సత్యాగ్రహం మీద ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా ఆ పదవికి రాజీనామా ఇచ్చారు. తర్వాత ఆ స్థానంలోకి వచ్చినవారు తిరుత్తణి ప్రాంతపు సర్వేపల్లి రాధాకృష్ణన్. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనిదే. ఒక విశ్వవిద్యాలయానికి మొదటి ఇద్దరు అధిపతులను మన జిల్లాయే ఇచ్చిందంటే చిన్న మాట కాదు.

1936లో రెడ్డిగారు మళ్లీ వైస్ ఛాన్సలర్‌గా వెళ్లి 1949 దాకా ఉన్నారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా ఇస్తూ వచ్చిన లక్ష రూపాయల విరాళం ఆ విశ్వవిద్యాలయానికి వెన్నుగా నిలిచింది. 1942లో యుద్ధం విశాఖ దాకా వచ్చినప్పుడు విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించి చదువు ఆగకుండా చూశారు. ఆ ఏడాదే ఆయనకు సర్ బిరుదు వచ్చింది. మహారాజుల దానంతో కాలేజీ నడపవచ్చు. వేలాది పల్లె బడులను దానంతో నడపలేం. దానికి పన్నే కావాలి, ఆ పన్ను లెక్క అడిగే ఓటరే కావాలి.

ఆయన చూడని ఎన్నిక

రెడ్డిగారు పెళ్లి చేసుకోలేదు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఆ ఏడాది చివర్లోనే దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు మొదలయ్యాయి. ఆస్తి ఉన్నా లేకున్నా, చదువు ఉన్నా లేకున్నా, ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు. బడి అవసరమైనవాడి చేతికి ఓటు వచ్చిన ఆ రోజును ఆయన చూడలేదు. కొద్ది నెలల్లో తప్పిపోయింది.

తర్వాత బోర్డులు పోయాయి. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తు వచ్చాయి. 1986 చట్టంతో మండలాలు వచ్చాయి. బడుల బోర్డుల మీద మండల పరిషత్, జిల్లా పరిషత్ పేర్లు మిగిలాయి. జీతాల డబ్బు రాష్ట్ర ప్రభుత్వానిది. అందువల్ల సర్పంచి, ఎంపీటీసీ, జడ్పీటీసీ అందరూ మా చేతిలో ఏముందని తప్పించుకొనే వీలు ఏర్పడింది. 2022లో 117వ నంబరు జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు కలిపే పని మొదలైనప్పుడు, చిన్నపిల్లలు రోడ్డు దాటి దూరం పోవాలా అని తల్లిదండ్రులు చాలా చోట్ల అడిగారు. 2021 ఫిబ్రవరిలో పంచాయతీలకు ఓట్లు వేసినప్పుడు ఈ విషయం ఎవరి కరపత్రంలో ఉంది?

దారి లేదనడానికి మాత్రం వీల్లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నూటికి డెబ్బై ఐదు మంది తల్లిదండ్రులే. సభ్యుల్లో సగం స్త్రీలు. బడికి ఏమి కావాలో ఆ కమిటీ ప్రణాళిక రాయాలి. వచ్చే గ్రాంటుకు ఆ ప్రణాళికే ఆధారం. స్థానిక ప్రతినిధికి కూడా ఆ కమిటీలో చోటుంది. కనుక ఓటు అడగడానికి వచ్చినవారిని మూడు మాటలు అడగవచ్చు. మా బడి ప్రణాళిక చూశారా? అందులో ఎన్ని పనులకు డబ్బు వచ్చింది? రాని దానికి జిల్లా పరిషత్తులో ఎవరు మాట్లాడతారు?

రామలింగారెడ్డిగారి కాలంలో ఈ ప్రశ్న అడగవలసిన మనిషికి ఓటు లేదు. ఇప్పుడు ఆ ఓటు పూతలపట్టు మండలంలోని ప్రతి వాడలో, ప్రతి ఇంట్లో ఉంది.