రాయి ఎటు పగులుతుందో చెప్పిన కింగ్ హబ్బర్ట్

స్వర్ణోత్సవ సంచిక కోసం తమ తమ వృత్తుల్లో దారి చూపిన ఒకరి జీవితం రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు నాకు వెంటనే తట్టిన పేరు మేరియన్ కింగ్ హబ్బర్ట్. మన బడి పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు లేదు. ఆయన పోయేనాటికి నేనింకా ఇంజనీరింగ్ విద్యార్థిని. అయినా చమురు బావుల దగ్గర గడిపిన ఈ ముప్ఫై ఏళ్ళలో నేను వేసిన ప్రతి లెక్క వెనుకా ఆయన ఉన్నారు.

హబ్బర్ట్ 1903 అక్టోబరు 5న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో శాన్ సాబా అనే చోట వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. ఒక చిన్న కాలేజీలో రెండేళ్ళు చదివి, కూలిపనులు చేసుకుంటూ చికాగో చేరారు. అక్కడి విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం, భౌతికశాస్త్రం, గణితం మూడూ కలిపి చదివారు. ఆ రోజుల్లో భూగర్భశాస్త్రం ఎక్కువగా రాళ్ళను చూసి వర్ణించి, పేర్లు పెట్టి, వరసలో అమర్చే శాస్త్రం. ఈయన మాత్రం ఏ రాయిని చూసినా దాని మీద ఎంత బలం పడుతోంది, ఎటు నుంచి పడుతోంది అని అడిగేవారు.

1931 నుంచి దాదాపు పదేళ్ళు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. ఆర్థిక మాంద్యం రోజులవి. దేశాన్ని ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు నడపాలనే టెక్నోక్రసీ ఉద్యమంలో ఆయన ముందు వరసలో ఉన్నారు. తర్వాత యుద్ధకాలంలో ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నప్పుడు దాని గురించి విచారణనూ ఎదుర్కొన్నారు. ఉద్యమం చల్లబడింది కానీ, వనరులను డబ్బుతో కాక టన్నుల్లో, పీపాల్లో లెక్కపెట్టే అలవాటు ఆయనకు చివరిదాకా ఉంది.

1937లో ఆయన నమూనాల కొలతల మీద ఒక సిద్ధాంతం ప్రచురించారు. వందల కిలోమీటర్ల నేలను బల్ల మీద పట్టేంత నమూనాగా చేయాలంటే పొడవు ఒక్కటే తగ్గిస్తే చాలదు, రాయి బలాన్నీ తగిన లెక్కన తగ్గించాలి. అలా తగ్గిస్తే ఎంత గట్టి రాయికైనా మెత్తటి బురదే సరైన నమూనా అవుతుంది. టెక్సస్ రాష్ట్రమంత బండను కోసి క్రేనుతో ఎత్తగలమా అని 1945లో లెక్క వేసి చూపించారు. ఎత్తలేం. దాని బరువుకు అదే విరిగి కూలిపోతుంది.

1940లో నేలలోని నీటి గురించి రాసిన వ్యాసం ఇంకా గొప్పది. నీరు ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనం వైపు పోతుందని చాలామంది ఇంజనీర్లు నమ్మేవారు. బిందెలో నీళ్ళు తీసుకోండి. అడుగున పీడనం ఎక్కువ, పైన తక్కువ. అయినా అడుగు నీరు పైకి పరుగెత్తదు. ఎత్తునూ పీడనాన్నీ కలిపి చూసిన శక్తి ఎక్కడ ఎక్కువో అక్కడి నుంచే ప్రవాహం అని హబ్బర్ట్ తేల్చారు. 1953లో దీన్నే చమురుకు వర్తింపజేశారు. కింద నీరు కదులుతుంటే చమురుకూ నీటికీ మధ్య హద్దు ఏటవాలుగా ఉంటుందని, దాన్ని పట్టించుకోకుండా బావి తవ్వితే చమురు ఉండే చోటు తప్పిపోవచ్చని చూపారు.

1943లో షెల్ కంపెనీలో చేరి హ్యూస్టన్‌లో పరిశోధనకు దిగారు. రాతి పగుళ్ళ మీద ఆయన చేసిన పెద్ద పని అక్కడిదే. ఇసుక, బంకమన్ను, సున్నపు బురద యుగాల తరబడి వేల అడుగుల మందాన పేరుకుని రాళ్ళుగా మారిన పల్లాన్ని అవక్షేప బేసిన్ అంటాం. అక్కడ చమురు సాధారణంగా ఇసుకరేణువుల మధ్య సందుల్లో ఉంటుంది. కొన్ని గట్టి రాళ్ళలో ఆ సందులు చాలా తక్కువ. వాటిలో సహజంగా ఏర్పడిన పగుళ్ళే చమురుకు దారి. ఇరాన్‌లోని అస్మరి సున్నపురాయి ఇందుకు పేరుపొందింది. అమెరికాలో ఇలాంటి పగుళ్ళ రాళ్ళ మీద హబ్బర్ట్, డేవిడ్ విల్లిస్ కలిసి 1955లో రోమ్‌లో జరిగిన ప్రపంచ పెట్రోలియం మహాసభకు పత్రం సమర్పించారు.

పగుళ్ళు లేనిచోట మనమే చేయవచ్చు కదా అనే ప్రయోగం 1947లో కాన్సస్ రాష్ట్రంలో ఒక గ్యాస్ బావిలో మొదలై అప్పటికే వ్యాపారంగా మారింది. బావిలోకి ద్రవాన్ని గట్టిగా పంపు చేసి రాయిని పగలగొట్టడమే ఆ పని. అయితే పగులు ఎటు పోతుంది? రాతిపొరలు అట్ల దొంతరలా విడిపోయి పగులు అడ్డంగా పరుచుకుంటుందని చాలామంది అభిప్రాయం. హబ్బర్ట్, విల్లిస్ ఒప్పుకోలేదు. పగులు తెరుచుకోవాలంటే రెండు పక్కలా రాయిని తోయాలి. ఒత్తిడి అన్నిటికంటే తక్కువ ఉన్న దిక్కుకు తోయడమే సులువు. లోతున పైనున్న రాళ్ళ బరువే చాలాచోట్ల పెద్ద ఒత్తిడి, పక్కల నుంచి వచ్చేది తక్కువ. కాబట్టి పగులు నిలువుగానే ఉంటుంది. ఇది చూపడానికి ప్లాస్టిక్ సీసాలో జెలటిన్ పోసి, ఒక పక్క నుంచి నొక్కి పెట్టి, మధ్యలోకి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ద్రావణం పంపారు. అది గట్టిపడ్డాక చూస్తే పగులు వారు చెప్పిన దిక్కునే ఉంది. ఆ వ్యాసం 1957లో వచ్చింది.

మన కోనసీమవాళ్ళకు ఇది దూరపు కథ కాదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో కొంత లోతు దాటాక కొన్ని పొరల్లో పీడనం అసాధారణంగా పెరుగుతుంది. డ్రిల్లింగ్ మడ్ పలచనైతే పొరలోని గ్యాస్ బావిలోకి తన్నుకొస్తుంది. బరువెక్కువైతే రాయి పగిలి మడ్ అందులోకి పోతుంది. ఈ రెండు హద్దుల మధ్యే బావి తవ్వాలి. రెండో హద్దుకు మొదటి లెక్క ఇచ్చింది హబ్బర్ట్, విల్లిసే. కొన్ని బావుల్లో ఆ రెండు హద్దులూ ఎంత దగ్గరగా వస్తాయంటే రిగ్ మీద రాత్రంతా మడ్ బరువు కొలుస్తూ కూర్చున్న రోజులు నాకున్నాయి. 1995 జనవరిలో బ్లోఅవుటై రెండు నెలలకు పైగా మండిన పాశర్లపూడి బావిని మనలో ఎందరో కళ్ళారా చూశారు. దాని కారణాలు వేరే చర్చ. పీడనం అదుపు తప్పితే ఊళ్ళకు ఏమవుతుందో మాత్రం మనకెవరూ చెప్పక్కర్లేదు.

1959లో విలియం రూబీతో కలిసి ఆయన మరో చిక్కు విప్పారు. కొండల్లో పదుల కిలోమీటర్ల రాతిపలకలు ఒకదాని మీదకి ఒకటి జరిగి ఉంటాయి. అంత పలకను తోస్తే కదలకముందే నుజ్జు కావాలి కదా? పలక కింది రాతిలో చిక్కుకున్న నీటి పీడనం బరువులో చాలాభాగం మోస్తే రాపిడి తగ్గి పలక జారుతుందని వారి జవాబు. దీనికి వారు చూపిన ప్రయోగం ఖాళీ బీరు డబ్బాతో. తడి గాజుపలకను దాదాపు 17 డిగ్రీలు వంచితే గానీ డబ్బా జారదు. అదే డబ్బాను బాగా చల్లబరిచి బోర్లిస్తే, లోపలి గాలి వేడెక్కి కొంత బరువు మోయడంతో ఒక డిగ్రీ వాలుకే జారిపోతుంది. భూమిలోకి ద్రవాలు పంపు చేస్తే భూకంపాలు రావచ్చన్న సంగతిని 1960లలో కొలరాడోలో అర్థం చేసుకోవడానికి ఈ ఆలోచనే ఆధారమైంది.

లోకానికి ఆయన పేరు తెలిసింది మాత్రం 1956 మార్చిలో శాన్ ఆంటోనియోలో చేసిన ప్రసంగంతో. తీసేకొద్దీ తరిగిపోయే వనరు ఉత్పత్తి మొదట పెరుగుతుంది, ఒక శిఖరం తాకుతుంది, తర్వాత తగ్గుతుంది. ఆ గీత కింది వైశాల్యం మొత్తం నిల్వకు సమానం. అమెరికాలో తీయగల చమురు 150 బిలియన్ పీపాలైతే శిఖరం 1965 ప్రాంతంలో, 200 బిలియన్లైతే 1970 ప్రాంతంలో అని ఆయన చెప్పారు. ప్రసంగానికి కాస్త ముందు ప్రధాన కార్యాలయం నుంచి ఫోన్ చేసి ఆ భాగం తగ్గించమన్నారని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. ఆయన తగ్గించలేదు. పరిశ్రమలో చాలామంది కొట్టిపారేశారు. కొన్నేళ్ళకు ప్రభుత్వ భూగర్భ సర్వే వైపు నుంచి 590 బిలియన్ల అంచనా వచ్చింది. షెల్‌లో పదవీ విరమణ చేశాక 1964లో హబ్బర్ట్ అదే సర్వేలో చేరి, లోపలే ఉండి ఆ అంచనాతో పోరాడారు. ముక్కుసూటి మనిషి, కోపిష్ఠి. మిత్రుల కంటే ప్రత్యర్థులనే ఎక్కువ సంపాదించుకున్నారు.

1970లో అమెరికా ఉత్పత్తి రోజుకు 9.6 మిలియన్ పీపాల దగ్గర శిఖరం తాకి తగ్గసాగింది. 1973 చమురు సంక్షోభం వచ్చాక అందరికీ ఆ పాత గీత గుర్తొచ్చింది. 1981లో ఆయనకు వెట్లెసన్ బహుమతి దక్కింది. 1956లో అణుశక్తే దారి అన్న ఆయన, తర్వాత సౌరశక్తి వైపు మొగ్గారు. 1989 అక్టోబరు 11న మేరీలాండ్‌లోని బెతెస్డాలో 86 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఆ తర్వాత జరిగింది ఆయన చూడలేదు. 2008లో రోజుకు 5 మిలియన్ పీపాలకు పడిపోయిన అమెరికా ఉత్పత్తి 2018లో 11 మిలియన్లకు దగ్గరై 1970 శిఖరాన్ని దాటేసింది. కారణం షేల్ రాయి. అందులో బావిని అడ్డంగా, అతి తక్కువ ఒత్తిడి ఉన్న దిక్కుకు తవ్వి, దానికి అడ్డుగా వరసగా నిలువు పగుళ్ళు తెరుస్తారు. ఆ దిక్కు ఎంచుకునే సూత్రం 1957 నాటి హబ్బర్ట్, విల్లిస్‌లదే. మొదట విజయవంతమైన షేల్ పేరు బార్నెట్. ఆ పేరు వచ్చింది హబ్బర్ట్ పుట్టిన శాన్ సాబా కౌంటీలో పైకి తేలిన రాయి నుంచే. ఆయన చెప్పిన శిఖరాన్ని కూల్చింది ఆయన నేర్పిన పగులే.

అందుకని ఆయన ఓడిపోయారని నేననుకోను. 150, 200 అనే అంకెలను ఆయన దాచలేదు, గీత పక్కనే రాసిపెట్టారు. ఆనాటి పరిజ్ఞానంతో తీయగలిగిన చమురుకే ఆ లెక్క అని చదివినవాడికి తెలుస్తుంది. అందువల్లే లెక్కలో ఏ భాగం నిలిచిందో, ఏ భాగం మారిందో తర్వాతి తరం వేలు పెట్టి చూపగలిగింది. ఆయన వ్యతిరేకుల 590 ఇంతవరకు ఎవరికీ పనికిరాలేదు. మన బడిలో ఇప్పుడు సైన్సు చదువుతున్న పిల్లలకు నా మాట ఒక్కటే. జవాబు రాసేటప్పుడు దేన్ని ఎంతగా అనుకున్నారో కూడా పక్కనే రాయండి. మన లెక్కల మాస్టార్లు దానికీ మార్కులు వేసేవారు.