ఆరోగ్యవరపు వైద్యుడు

క్రిస్టియన్ ఫ్రిమోట్ మోల్లరు డెన్మార్కు దేశీయుడైన వైద్యుడు. 1915వ సంవత్సరమున మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయరోగ చికిత్సాలయము వెలసెను. దానికి ఆయనయే ప్రథమాధ్యక్షుడు.

నాడు క్షయక్రిములను చంపు మందు లేదు. స్ట్రెప్టోమైసిను 1943వ సంవత్సరమునగాని కనుగొనబడలేదు. క్రిములు ఊపిరితిత్తులలో ప్రవేశించినప్పుడు రక్తమందలి తెల్లకణములు వానిని చుట్టుముట్టును. అచ్చట వాపు కలుగును. రక్తమందలి కొన్ని మాంసకృత్తులు ఆ కణములను పోరునకు పురికొల్పును. మరికొన్ని వాని ఉద్రేకమును అణచును. ఈ పొందిక చెడినచో వాపు ముదిరి ఊపిరితిత్తులకే చేటు కలుగును.

ఈ రక్షణశక్తియే నాటి రోగికి దిక్కు. కావున మోల్లరు రోగులకు విశ్రాంతిని, నిర్మలమైన గాలిని, పుష్టికరమగు ఆహారమును సమకూర్చి దానికి తోడ్పడెను. మందులేని కాలమున రోగిని విడువక నిలిచిన ఆయన సేవ చిరస్మరణీయము.