అలోయిస్ అల్జీమరు వైద్యుని చరిత్రము

ముదిమిలో మతి తప్పుట లోకమున క్రొత్త కాదు. తాతయో అవ్వయో చెప్పిన మాటయే మరల మరల చెప్పుచు, భోజనము చేసి లేచిన గడియకే తమకు అన్నము పెట్టలేదని అలుగుచుండినచో, దానిని చాదస్తమని నవ్వి యూరకుండుట మన యిండ్లలో వాడుక. అది నవ్వి విడువదగినది కాదనియు, దాని వెనుక మెదడులో కంటికి కనబడు మార్పులు ఉండవచ్చుననియు చూపిన వైద్యులలో ముఖ్యుడు అలోయిస్ అల్జీమరు. నేడు ఆ వ్యాధిని లోకమంతయు ఆయన పేరనే పిలుచుచున్నది. పేరు నెరిగినవారిలో ఆ మనుష్యుని నెరిగినవారు కొలదిమందియే గనుక, మా విద్యార్థులకొరకు ఆయన చరిత్రమును ఇచ్చట వ్రాయుచున్నాము.

జర్మనీ దేశమున బవేరియా రాజ్యములో, మైను నదీతీరముననున్న మార్క్‌ట్‌బ్రైట్ అను చిన్న పట్టణమున 1864 వ సంవత్సరము జూను 14 వ తేదీన అల్జీమరు జనించెను. తండ్రి నోటరీ ఉద్యోగి. బెర్లిను, ట్యూబింగెను, వుర్ట్స్‌బుర్గు విశ్వవిద్యాలయములలో వైద్యశాస్త్రము నభ్యసించి ఆయన 1887 లో పట్టము పొందెను. పట్టమునకై వ్రాసిన వ్యాసము మెదడును గూర్చినది కాదు. చెవిలో గుబిలిని పుట్టించు గ్రంథులను గూర్చినది!

మరుసటి యేడు ఫ్రాంక్‌ఫర్టు నగరములో ఉన్మాదులకును మూర్ఛరోగులకును ఏర్పడిన ఆసుపత్రిలో ఉద్యోగమున చేరెను. ఆ కాలమున పిచ్చివారిని కట్టివేయుట అనేకచోట్ల ఆచారముగ నుండెను. ఈ ఆసుపత్రి అధికారియైన సియోలీ దొర కట్లు విప్పించి, గోరువెచ్చని నీటి తొట్లలో రోగులను చాలసేపు కూర్చుండబెట్టి నెమ్మదిపరచుచుండెను. కొలది కాలమునకు ఫ్రాంట్స్ నిస్ల్ అను యువవైద్యుడును అచ్చటికి వచ్చెను. మెదడులోని కణములు తేటగ కనబడునట్లు రంగు వేయు పద్ధతిని కనిపెట్టినవా డాయనయే. మిత్రులిరువురును పగలు రోగులను చూచుచు, సాయంకాలమున సూక్ష్మదర్శినియొద్ద కూర్చుండుచుండిరి. రోగి మంచమును సూక్ష్మదర్శినిని రెంటిని విడువకుండుటయే అల్జీమరు విశేషమని మాకు తోచుచున్నది.

ఫ్రాంక్‌ఫర్టులోనే ఆయన సిసీలియ అను వితంతువును వివాహమాడగా ముగ్గురు బిడ్డలు కలిగిరి. 1901 లో ఆమె మరణించెను. సోదరి వచ్చి బిడ్డల పోషణభారము వహించెను.

ఆ దుఃఖపు సంవత్సరముననే, నవంబరు మాసమున, రైల్వే గుమాస్తా యొకడు తన భార్యను ఆ ఆసుపత్రికి తెచ్చెను. ఆమె పేరు ఔగుస్తె. వయస్సు 51 సంవత్సరములు మాత్రమే. మొదట భర్తను కారణములేక అనుమానించుచు, పిమ్మట వస్తువులను ఎక్కడనో దాచి మరచుచు, తుదకు తన యింటిలోనే దారి తెలియనిదాయెను. అల్జీమరు ఆమెచెంత కూర్చుండి ప్రశ్నలడిగి, ప్రత్యుత్తరములను ఉన్నవియున్నట్లు వ్రాసికొనెను. భర్త పేరడుగగా తన పేరే చెప్పెను. మాంసముతో కోసుపువ్వు కూర భుజించుచుండగా తినుచున్న దేమని యడిగినచో పాలకూర యనెను. తన పేరు వ్రాయుమని కాగితము నిచ్చినచో, ప్రారంభించి నడుమనే మరచిపోయెను. ఇది ముసలితనపు మరపని త్రోసివేయుటకు ఆమె ముసలిది కాదు. ఆయనను వదలని చిక్కు అదియే.

1903 లో ఆయన ఫ్రాంక్‌ఫర్టును విడిచి, క్రేపెలిను అను ప్రఖ్యాత మానసికవైద్యుని వెంట మొదట హైడెల్‌బర్గుకును, పిమ్మట మ్యూనిక్కుకును పోయెను. అచ్చట చాలకాలము జీతము లేకయే పనిచేసెను. ఊరు మారిన వైద్యునికి పాత రోగిని తలచుకొనవలసిన విధి లేదు. ఈయనమాత్రము ఔగుస్తె స్థితిని విచారించుచునే యుండెను. 1906 ఏప్రిల్ 8 వ తేదీన ఆమె మరణించినప్పుడు, ఆయన కోరికపై సియోలీ ఆమె మెదడును, రోగవృత్తాంతపు కాగితములను మ్యూనిక్కునకు పంపెను.

మెదడు క్షీణించియుండెను. పలుచని ముక్కలుగ కోసి, బీల్‌షోవ్‌స్కీ కనిపెట్టిన వెండి రంగును పట్టించి చూడగా రెండు వింతలు కనబడెను. కణముల లోపలి సన్ననిపోగులు దళసరియై దారపు చిక్కువలె పెనవేసికొని యుండెను. కొన్నిచోట్ల కణము నశించి చిక్కుమాత్రమే మిగిలెను. ఇంచుమించు నాలుగవవంతు మొదలు మూడవవంతు వరకు కణములకు ఈ గతి పట్టియుండెను. కణముల వెలుపల, మెదడు పైపొరయంతట, ఏదో యొక పదార్థము చిన్నచిన్న మచ్చలుగ పేరుకొని యుండెను.

1906 నవంబరు 3 వ తేదీన ట్యూబింగెనులో జరిగిన వైద్యుల సభలో ఆయన ఈ విషయమును విన్నవించెను. ఒక్కరును ప్రశ్న వేయలేదు! సభావృత్తాంతమును ప్రకటించినవారు ఈ ఉపన్యాసమును సంగ్రహించుటకు తగదని విడిచిరి. మరుసటి యేడు ఆయనయే దానిని అచ్చు వేయించెను. 1910 లో క్రేపెలిను తన పాఠ్యగ్రంథమున ఈ వ్యాధికి అల్జీమరు పేరు పెట్టెను. న్యాయముగ చెప్పవలెనన్న, అట్టి మచ్చలను అంతకుముందే కొందరు చూచియుండిరి. ప్రాగు నగరమున ఆస్కార్ ఫిషరు 1907 లోనే వృద్ధుల మెదళ్లలో వానిని వర్ణించెను. ఇది నిజముగ వేరు వ్యాధియా, లేక వార్ధక్యపు మతిభ్రమయే ముందుగ వచ్చినదా యని అల్జీమరే 1911 లో సందేహించెను. తన పేరు మోయుచున్న దానినే సందేహించుట అందరికిని సాధ్యము కాదు.

ఆయన ప్రయోగశాలకు దూరదేశముల విద్యార్థులు వచ్చుచుండిరి. వారిలో సాలమన్ కార్టర్ ఫుల్లరు ఆఫ్రికాలోని లైబీరియాలో జనించినవాడు, బానిసత్వమునుండి విడుదలపొందిన వంశమువాడు. ఈయన అమెరికాకు మరలిపోయి, ఈ వ్యాధిని గూర్చి 1912 లో ఇంగ్లీషున విపులముగ వ్రాసెను. అల్జీమరు విద్యార్థి ప్రక్కన కూర్చుండి సూక్ష్మదర్శినిలో చూచునప్పుడు చేతి చుట్టను బల్లమీద పెట్టి మరచిపోవుచుండెననియు, సాయంకాలమునకు ప్రతి బల్లయొద్దను ఒక చుట్టపీక మిగులుచుండెననియు చెప్పుదురు.

1912 లో ఆయనకు బ్రెస్లా విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభించెను. ఆ నగరము నేడు వ్రోత్స్‌వాఫ్ అను పేర పోలెండులో నున్నది. ఆ ప్రయాణమున రైలులోనే జబ్బుపడెను. గుండెకు సోకిన ఆ రోగము మరల వదలలేదు. 1915 డిసెంబరు 19 వ తేదీన, ఔగుస్తె ఆసుపత్రికి వచ్చిన 51 వ యేటనే, మరణించెను. ఫ్రాంక్‌ఫర్టులో భార్య ప్రక్కనే సమాధిచేసిరి.

మచ్చలలోని పదార్థము అమిలాయిడ్ అను మాంసకృత్తుకు చెందినదని పిమ్మట తేలెను. చిక్కులలోనిది టౌ అనునది. వ్యాధిని పూర్తిగ మాన్పు మందు నేటికిని లేదు. క్రొత్త మందులు కొన్ని దాని నడకను కొంత మందగింపజేయును.

పోయినదనుకొన్న ఔగుస్తె కాగితముల కట్ట 1995 లో ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రిలో దొరకెను. అల్జీమరు వ్రాసికొన్న ప్రశ్నలు, ఆమె ప్రత్యుత్తరములు అందున్నవి. ఆమె తన పేరు వ్రాయబోయి ముగింపలేకపోయిన కాగితమును అందే యున్నది.