మల్లశ్రేష్ఠుడు తనికజే

జపాను దేశీయుల మల్లయుద్ధమునకు సూమో యని పేరు. చూచువారికిది యిరువురు స్థూలకాయుల త్రోపులాటగా తోచును గాని, దీని మూలము వారి ప్రాచీన మతమగు షింటోయందు కలదు. పూర్వము పంటలు సమృద్ధిగా పండవలెనని దేవతలను వేడుచు ఆలయ ప్రాంగణములలో మల్లులు పోరెడివారు. నేటికిని మల్లుడు గోదాలో నీటితో నోరు పుక్కిలించి, శుద్ధికొరకు ఉప్పు చల్లును; దుష్టశక్తులు తొలగుటకై నేలను పాదములతో గట్టిగా త్రొక్కును. గోదా నడుమ బియ్యము, ఉప్పు మున్నగునవి పూడ్చి పూజింతురు. అట్టి గోదాలో కీర్తి గాంచిన తనికజే కజినోసుకే చరిత్రము నిచ్చట సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఇతడు 1750వ సంవత్సరమున సెండాయ్ ప్రాంతమున కర్షక కుటుంబములో జన్మించెను. ఆరడుగులకు మించిన ఆజానుబాహుడు. నేడు టోక్యో యనబడు ఎడో నగరమున పేరుగాంచి, 1778 మొదలు వరుసగా 63 పోరులలో జయమొందెను. 1938లో ఫుతబయమ యను మల్లుడు మించువరకు ఆ సంఖ్యను దాటినవారు లేరు. అట్టి జయపరంపరను 1782లో తనకంటె పిన్నవాడగు ఓనొగావా కిసబురో త్రుంచివేసెను. తనికజే ఆ యోటమికి క్రుంగక పోరుచునే యుండెను.

ఎడోలోని ఫుకగావా హచిమాన్ ఆలయమున, ఆలయములకు ధనము కూర్చు నిమిత్తము 1684లోనే మల్లయుద్ధములకు అనుమతి లభించెను. ఆ యాలయముననే 1789లో, మధ్యవర్తుల వంశమునకు పెద్దయగు యొషిద ఒయికజే, తనికజేకును ఓనొగావాకును నడుమునకు తెల్లని లావుపాటి త్రాడు ధరించు నధికార మొసగెను. దానికే యొకొజున యని పేరు. అట్టి త్రాటినే కాగితపు తునకలు వ్రేలాడదీసి షింటో ఆలయములలో కట్టుదురు. అది దేవతా నివాసమునకు గుర్తు. కావున దానిని ధరించినవాడు కేవలము విజేత కాడు, పవిత్రకార్యమునకై ప్రత్యేకింపబడినవాడు. గెలుపునకు గర్వించుటయు, ఓటమికి పగబూనుటయు వానికి తగవు. తన్ను పడద్రోసినవానితో సమానముగా తనికజే ఆ గౌరవమును పంచుకొనెను.

1791లో షోగను టొకుగావా ఇయెనారి యెదుట వీరిరువురు తలపడగా, సిద్ధము కాక జాగుచేసిన ఓనొగావాపై తనికజేకు జయము నిర్ణయింపబడెను. మహామల్లుడగు రైడెన్ ఇతనివద్దనే శిక్షణ పొందెను. రోగియగు తల్లిని పోషించు పేదమల్లునికి ఇతడు బుద్ధిపూర్వకముగా ఓడెనని కథకులు చెప్పుదురు. అది చరిత్ర కాకపోయినను, ప్రజలు ఇతని నెట్టివానిగా తలచిరో తెలుపుచున్నది.

1795లో ఇన్‌ఫ్లూయెంజా జ్వరముచే, నలుబదినాలుగేండ్ల ప్రాయమున, ఇతడు మరణించెను. అప్పటికిని వరుసగా 35 పోరులలో అజేయుడు. ఎవ్వరును పడద్రోయలేని దేహమును జ్వరము పడద్రోసెను. దేహబలము శాశ్వతము కాదనియు, దానిని నియమమునకు లోబరచిన నడవడియే నిలుచుననియు ఆటస్థలమున దిగు మన బాలురు గ్రహింతురుగాక యని కోరుచున్నాము.